ఆనర్ డగ్గన్ వాంగ్మూలం

"కూర్చో" అన్నాడు జోసయ్య వెంట్రిస్, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

"ఫర్వాలేదయ్యగారూ, నిలబడతాను."

"ఫర్వాలేదా అని నేను అడగలేదు. నిలబడి చెప్పేవాళ్లు తొందరపడతారు. తొందరపడితే తేదీలు తప్పుతారు. కూర్చో."

ఆనర్ డగ్గన్ కుర్చీ అంచున కూర్చుంది. ఆమె వెనకాల కానిస్టేబుల్ టిపెట్ టోపీ చంకలో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కిటికీ దగ్గర చిన్న బల్ల ముందు లెటిస్ కలం మొన చెక్కుతూ, తండ్రికి కనబడకుండా ఆనర్ చేతుల వైపు చూసింది. పదేళ్లు సబ్బు నీళ్లలో నానిన చేతులు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం చిట్లి, చలికి నల్లబడి ఉంది. ఆ చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆమె ఒళ్లో ఒకదాన్నొకటి దాచుకుంటోంది.

లెటిస్‌కు పదహారేళ్లు. ఆరు నెలలుగా తండ్రి కాగితాలకు శుభ్రమైన నకళ్లు రాసేది ఆమే. ఉన్న గుమాస్తా ఊరివాళ్ల మాటలు పడలేక మానేశాడు. కొత్తవాడు ఎవడూ రాలేదు. పోర్ట్ అలార్డ్‌లో సర్కారు వకీలు దగ్గర పని చేస్తానంటే ఆ మనిషికి రొట్టెలు అమ్మేవాడు కూడా ముఖం చాటేస్తాడు. జోసయ్య వెంట్రిస్ అంటే ఈ ఊళ్లో గొర్రెల దొరలకు కోపం, ఓడల్లో తెచ్చి దొరల పనికి పెట్టిన ఖైదీలకు భయం. ఒక పౌండు పిండి దొంగిలించిన విధవరాలికి మూడేళ్లు వేయించింది ఆయనే. సర్కారు భూమిలో కంచె వేసుకున్న కెప్టెన్‌ను కోర్టుకు ఈడ్చిందీ ఆయనే. పత్రికవాళ్లు ఆయన నల్ల గౌను చూసి 'కాకి' అని పేరు పెట్టారు. బండి రేవు వీధిలోంచి పోతుంటే అంగళ్ల వెనకనుంచి కావ్ కావ్ అని వినబడుతుంది. నాన్న తల తిప్పడు. తల తిప్పకపోవడం చూసి లెటిస్ గర్వపడేది.

"ఏ రోజు?" అన్నాడు వెంట్రిస్.

"శుక్రవారమండీ. జూన్ నెలలో రెండో శుక్రవారం. ఆ పొద్దున దుప్పట్లు ఉతికాను. శుక్రవారమే దుప్పట్లు."

"చెప్పు."

"సాయంత్రం మందలో నాలుగు గొర్రెలు తగ్గాయన్నారు. నాలాగే ఖైదీ కార్మాక్, వాడి మీద పెట్టారు. మందతో పోయింది వాడే. థర్లో దొరగారు వాడిని బండి చక్రానికి కట్టమన్నారు. నా కళ్లముందే కట్టారండీ. చొక్కా లేదు."

"మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లమని ఎవరూ అనలేదా?"

"కార్మాకే అన్నాడు. నన్ను ఊళ్లోకి తీసుకుపొండి, అక్కడ కొట్టించండి అన్నాడు. దొరగారు నవ్వారు. ఇరవై మైళ్లు నీకోసం గుర్రాలను తోలనా అన్నారు."

వెంట్రిస్ కలం ఆగింది. ఖైదీని పనికి తీసుకున్న దొర, తప్పు ఎంతటిదైనా, తన చేత్తో శిక్ష వేయకూడదు. దీవిలో గొర్రెలు కాసే ప్రతి దొరకూ ఆ చట్టం తెలుసు. దాన్ని పట్టించుకునే దొర మాత్రం ఒక్కడూ లేడు.

"తర్వాత?"

"ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం కదండీ, మంచు కురిసింది. నేను రెండుసార్లు గంజి తీసుకెళ్లాను. రెండోసారి కుక్కను వదిలారు. తెల్లారి నేనే వెళ్లి చూశాను. వాడి తల ఇట్టా..." ఆమె తల పక్కకు వాల్చి చూపించి, మళ్లీ వెంటనే నిటారుగా పెట్టుకుంది. "ఆగస్టులో పెళ్లి చేసుకోవడానికి మాకు అనుమతి వచ్చిందండీ. గవర్నరుగారి కాగితం."

"పెళ్లి సంగతి అక్కర్లేదు. చక్రానికి ఎంత దూరంలో నిలబడ్డావు?"

లెటిస్ తల దించుకుంది. నాన్నకు మనసు లేక అలా అడగడం లేదని ఆమెకు తెలుసు. కార్మాక్ చావు మీద విచారణకు కూర్చున్న పన్నెండుమందీ థర్లో పొరుగువాళ్లే. దేవుడి పిలుపు వచ్చి పోయాడని రాసి, థర్లో ఇంట్లోనే భోంచేసి వెళ్లారు. ఇక మిగిలింది ఈ చాకలి మనిషి మాట ఒక్కటే. దీవిలో ఒక మనిషిని కోర్టులో నిలబెట్టాలంటే సర్కారు వకీలు సంతకం కావాలి. ఆ ఒక్క సంతకం లేకపోతే ఎవరు ఎంత ఏడ్చినా లాభం లేదు. సోమవారం కోర్టు తెరుస్తారు. శుక్రవారం లోపల నాన్న ఆ అభియోగం మీద సంతకం పెట్టాలి.

మూడు గంటలకు గవర్నరు ఇంటినుంచి బండి వచ్చింది, వెంటనే రమ్మని. వెంట్రిస్ తన చిత్తు కాగితాలు కూతురి బల్ల మీద పెట్టాడు.

"శుభ్రంగా నకలు రాయి. రాసింది మొత్తం ఆమెకు చదివి వినిపించు. ఒప్పుకుంటేనే కింద గుర్తు వేయించు. నేను వచ్చి సాక్షి సంతకం పెడతాను."

"అలాగే నాన్నా."

"చదివాకే గుర్తు. మర్చిపోకు."

లెటిస్ రాయడం మొదలుపెట్టింది. తొందరపడితే ఆమె అక్షరాలు వంగుతాయి. అందుకే నెమ్మదిగా రాస్తుంది. రెండో కాగితం సగంలో ఉండగా టిపెట్ దగ్గాడు.

"చిన్నమ్మగారూ, తమరి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి గానీ, నాలుగింటికి ఆడ ఖైదీల ఇంటి గంట కొడతారు. ఆ తర్వాత లోపలికి పోతే ఈవిడకు మూడు రోజులు చీకటి గది, రొట్టెముక్క. నాకు చీకటి గది ఉండదు, తిట్లుంటాయి."

"రేపు మళ్లీ తీసుకురాలేరా?"

"తేవచ్చు. ఈవిడను రప్పించడానికే మీ నాన్నగారికి పది రోజులు పట్టింది. అది గుర్తుంటే చాలు."

లెటిస్ గోడ గడియారం వైపు చూసింది. ఆనర్ కూడా చూసింది, కానీ ఆమెకు గడియారం చదవడం రాదు. ఆమె లెటిస్ ముఖమే చూస్తోంది.

"నేను చెప్పిందే రాస్తారు కదా చిన్నమ్మగారూ?" అంది.

"నువ్వు చెప్పిందే."

"మరి గుర్తు ఇప్పుడే వేసేస్తాను. మీరు నిదానంగా రాసుకోండి."

లెటిస్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఖాళీగా ఉన్న మూడో కాగితం తీసి, అడుగున వేలితో చోటు చూపించింది. ఆనర్ కలాన్ని గరిటె పట్టుకున్నట్టు పిడికిట పట్టుకుని, నాలుక కొన పంటికింద పెట్టుకుని, రెండు గీతలు అడ్డంగా నిలువుగా గీసింది. పని పూర్తయినట్టు ఊపిరి వదిలింది.

వాళ్లు వెళ్లాక లెటిస్ మిగతాది రాసింది. చివరికి వచ్చేసరికి చోటు చాల్లేదు. ఆఖరి రెండు వరుసలు ఇరికించాల్సి వచ్చింది. ఒక అక్షరం తోక కిందికి దిగి ఆ గుర్తు మీదుగా పోయింది.

దీపాలు వెలిగించే వేళకు నాన్న వచ్చాడు. కోటు విప్పకుండానే కూర్చున్నాడు. మూడు కాగితాలూ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"చదివి వినిపించావా?"

లెటిస్ తల ఊపింది. నోటితో అనలేదు. తల ఊపడం అంత పెద్ద అబద్ధం కాదనిపించింది అప్పటికి.

ఆయన సాక్షిగా సంతకం పెట్టాడు. ఆ తర్వాత మరో చిన్న కాగితం ముందుకు లాక్కుని, రెండే రెండు వరుసలు తానే రాసి, సిరా ఆరేందుకు తానే ఇసుక చల్లి, తానే మడిచాడు. నకలుకు ఇవ్వలేదు. లెటిస్ దాని గురించి ఆలోచించలేదు. అన్నం వేళయింది. లోపల అమ్మ పళ్లేలు సర్దుతోంది.

*

బుధవారం అమ్మతో కలిసి లెటిస్ రేవు వీధికి వెళ్లింది. సిడ్నీ ఓడలో ఉన్ని గుడ్డ దిగిందని విన్నారు. అంగట్లో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. అమ్మ అమీలియా వెంట్రిస్ లోపలికి అడుగు పెట్టగానే వాళ్ల మాటలు ఆగిపోయాయి. డాక్టరు భార్య గుడ్డ తాను కిందపెట్టి, వర్షం వచ్చేలా ఉందంటూ బయటికి నడిచింది. తక్కిన ఇద్దరూ ఆమె వెంట వెళ్లారు. ఆకాశంలో మబ్బు లేదు.

"ఆ నీలం గుడ్డ ఉందా?" అని అడిగింది అమ్మ.

"మాట ఇచ్చేశానమ్మా" అన్నాడు అంగడివాడు. నీలం గుడ్డ అతని ముందే ఉంది.

"ఎవరికి?"

"గుర్తులేదమ్మా."

బయట రేవు గోడమీద కూర్చున్న తిమింగలాల వేటగాళ్లు ఇద్దరు నవ్వారు. ఒకడు చేతులు రెక్కల్లా ఆడించాడు. అమ్మ నడక మార్చలేదు. లెటిస్ చేయి గట్టిగా పట్టుకుని ముందుకు నడిచింది.

"మార్చిలో మన పసిబిడ్డ పోయినప్పుడు ఒక్కరైనా గుమ్మం తొక్కారా?" అంది అమ్మ, వీధి మలుపు తిరిగాక. "శవపెట్టె ఎత్తడానికి జైలునుంచి మనుషుల్ని తెచ్చుకున్నాం. నీకు గుర్తుందా?"

"ఉందమ్మా."

"మీ నాన్న మంచివాడే. ఊరు చెడ్డదే. కానీ నేను ఈ ఊళ్లో బతకాలి, లెటీ. ఆయన కోర్టులో బతుకుతాడు."

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర వెంట్రిస్ మాంసం ముక్క కోయడానికి చాలాసేపు పెనగులాడి, కోయలేక, కత్తి పక్కన పెట్టాడు. గొర్రె మాంసం తోలులా ఉంది. కసాయి ఎప్పుడూ ఇంత ముదురు మాంసమే పంపిస్తాడు వాళ్లకి.

"నిన్న గవర్నరుగారు ఏమన్నారు?" అని అడిగింది అమ్మ.

"నన్ను తీసేయమని లండన్‌కు అర్జీ పోతోందట. అరవైమంది సంతకాలు పెట్టారట. థర్లోను కోర్టుకెక్కిస్తే ఆయన దాన్ని ఆపలేనన్నారు."

"ఎక్కించకపోతే?"

వెంట్రిస్ నీళ్లు తాగాడు. "ఆ మాట ఆయన అనలేదు. అలాంటి మాటలు పెద్దవాళ్లు పైకి అనరు."

"అయితే సంతకం పెట్టకండి."

"ఇంకా పెట్టలేదు."

"అరవైమందికి వ్యతిరేకంగా ఒక చాకలిది! అదీ ఖైదీ!"

"అబద్ధం చెప్పే మనిషి కాదు" అన్నాడు ఆయన. "దుప్పట్లు శుక్రవారం ఉతికానంది. ఊళ్లోకి వచ్చిన థర్లో ఇంటివాళ్లను వేరుగా అడిగించాను. నిజంగానే శుక్రవారమే ఉతుకుతారు."

లెటిస్ పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది. నాన్న గొంతు విని ఆమెకు ధైర్యం వచ్చింది. పెడతాడు, తప్పకుండా పెడతాడు అనుకుంది. ఆ వెంటనే మూడో కాగితం గుర్తొచ్చింది. థర్లో తరపున సిడ్నీనుంచి పెద్ద వకీలు వస్తున్నాడని అందరూ చెప్పుకుంటున్నారు. ఆ మనిషి ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంటే, అక్షరం తోక గుర్తు మీదుగా పోయిందని కనిపెడతాడు. గుర్తు ముందు పడిందని, మాటలు తర్వాత వచ్చాయని పది మంది ముందు అంటాడు. ఆనర్‌ను అబద్ధాలకోరును చేస్తాడు. నాన్నను దొంగ కాగితాలు పుట్టించేవాడిని చేస్తాడు.

*

గురువారం పొద్దున ఆమె తండ్రి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎదురుగా ఆయన సంతకం కోసం అభియోగ పత్రం ఉంది, ఆమె చేత్తో రాసినదే. అడుగున చోటు ఖాళీగా ఉంది.

"నాన్నా, నేను అబద్ధం చెప్పాను."

ఆయన కలం దించాడు.

ఆమె మొత్తం చెప్పింది. గంట సంగతి, చీకటి గది సంగతి, ఖాళీ కాగితం సంగతి. చెబుతున్నంతసేపూ ఆమె మెడమీద ఎర్రటి మచ్చలు లేచాయి. నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే ఆమెకు ఎప్పుడూ అంతే. ఇక్కడ ఉన్నది నాన్న ఒక్కడే, అయినా లేచాయి.

"చదవలేదు" అన్నాడు ఆయన.

"లేదు. కానీ ఒక్క మాట కూడా మార్చలేదు నాన్నా. మీరు రాసుకున్నదే రాశాను."

వెంట్రిస్ మూడో కాగితం తీసి కిటికీ వైపు పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. అరుస్తాడని ఆమె ఎదురుచూసింది. అరిస్తే బాగుండేది. ఆయన కళ్లద్దాలు తీసి, రుమాలుతో ఒక అద్దం తుడిచి, రెండోది తుడవకుండానే బల్లమీద పెట్టేశాడు. భుజాలు కుర్చీలోకి వాలాయి. మోస్తున్న మూట ఎవరో దించినట్టు.

"నువ్వు చెప్పడం మంచిదైంది" అన్నాడు, మెత్తగా.

"ఆమెను మళ్లీ పిలిపించండి. నేను చదివి వినిపిస్తాను. మీ ముందే గుర్తు వేస్తుంది. ఒక గంట పని, నాన్నా."

"వీలు కాదు. ఆ మనిషిని లోతట్టు పొలాలకు పంపేశారు. రానూపోనూ ఎనిమిది రోజులు. సోమవారం కోర్టు."

"పంపేశారా? ఎందుకు?"

"పనికి మనుషులు కావలసివచ్చి ఉంటుంది. ఖైదీలను పంపుతూనే ఉంటారు." ఆయన అభియోగ పత్రాన్ని పక్కకు జరిపి, తెల్ల కాగితం ఆమె ముందు పెట్టాడు. "కూర్చో. రాయి. గవర్నరుగారికి."

ఆమె కూర్చుంది. ఆయన నిలబడి చెప్పాడు. ప్రధాన సాక్షి వాంగ్మూలం నకలు రాసిన వ్యక్తి పొరపాటు వల్ల చెల్లనిదైనందున, రూబెన్ థర్లో మీద విచారణ సాగించడం సాధ్యం కాదని సవినయంగా తెలియజేసుకుంటున్నాను.

'నకలు రాసిన వ్యక్తి' అన్న చోట ఆమె కలం ఆగింది.

"పేరు రాయక్కర్లేదు" అన్నాడు నాన్న.

ఆమె రాసింది. అక్షరాలు వంగలేదు. ఒక కన్నీటి బొట్టు కాగితం అంచున పడితే దాన్ని ఇసుకతో అద్ది, మళ్లీ రాసింది. కార్మాక్‌ను చంపింది థర్లో. కార్మాక్ చావుకు జవాబు లేకుండా చేసింది తను. ఆ రోజంతా ఆమె తలలో ఆ రెండు మాటలే తిరిగాయి.

*

శుక్రవారం పది గంటలకల్లా డాక్టరు భార్య పంపిన పళ్ల మురబ్బా సీసా వచ్చింది. పదకొండింటికి లేత గొర్రె తొడ ఒకటి వచ్చింది, కసాయి క్షమించమన్నాడని చెబుతూ. అమ్మ వంటింట్లో ఆ మాంసాన్ని చూస్తూ నిలబడిపోయింది.

"మీ నాన్నకు బుద్ధొచ్చింది" అంది. నవ్వింది. అమ్మ నవ్వగా చూసి ఎన్ని నెలలైందో.

పెరటి గుమ్మం దగ్గర టిపెట్ వారెంట్ల కట్ట పట్టుకుని నిలబడ్డాడు. వంటావిడ ఇచ్చిన టీ ఊదుకుంటూ తాగుతున్నాడు. ఒకప్పుడు అతనూ గొలుసులతో ఖైదీగా వచ్చినవాడే. అందుకేనేమో, ఎవరి ముందైనా నోరు కాస్త వదులుగా ఉంటుంది.

"చూశారా చిన్నమ్మగారూ, కాకి కాస్తా పావురమైంది! రేవులో ఇవాళ ఎవడూ కావ్ అనలేదు. నాకే బోసిగా ఉంది."

"మిస్టర్ టిపెట్" అంది లెటిస్. "ఆనర్ ఎలా వెళ్లింది? ఏమైనా అందా?"

"ఏమంటుంది? చలికి వణికింది. అవతలి రేవులో బండి ఎక్కించేదాకా నేనే వెళ్లాను, పడవలో నా గోనె కప్పాను. 'వకీలుగారు పిలిస్తే మళ్లీ వస్తాను కదా?' అని దారి పొడుగునా ఒకటే అడగడం. వస్తావులే అన్నాను. అబద్ధానికి నాకు పన్ను లేదుగా."

"నిన్న పొద్దునేనా వెళ్లింది?"

"నిన్న కాదమ్మా, బుధవారం. తెల్లారగట్ల పోటు మీద బయల్దేరాం. మంగళవారం రాత్రి భోజనాల వేళకే ఆమెను పంపేయమని చీటీ వచ్చింది మరి."

"ఎవరి చీటీ?"

టిపెట్ టీ కప్పు దించి ఆమె వైపు చూశాడు. ఆమెకు తెలియదని అతనికి అప్పుడు అర్థమైంది. వెనక్కి తీసుకోవడానికి ఆలస్యమైపోయింది.

"మీ నాన్నగారిదేనమ్మా. రెండు వరుసలు. ఆ దస్తూరీ నాకు తెలియదూ? దానిమీద వేయి మందిని జైలుకు తీసుకెళ్లాను."

మంగళవారం. నాన్న కోటు విప్పకుండా కూర్చున్న సాయంత్రం. సాక్షి సంతకం పెట్టిన కలంతోనే, సిరా ఆరకముందే రాశాడు. ఆమె తన తప్పు చెప్పుకుంది గురువారం.

"చిన్నమ్మగారూ, నేను చెప్పానని అనకండి" అన్నాడు టిపెట్.

"అనను" అంది.

ఆమె లోపలికి వెళ్లింది. నాన్న గది తలుపు తెరిచే ఉంది. ఆయన ఒక కొత్త యువకుడితో మాట్లాడుతున్నాడు. గుమాస్తా పని కోసం వచ్చాడట, డాక్టరుగారి మేనల్లుడు. కిటికీ దగ్గర ఆమె బల్లమీద అతని టోపీ ఉంది.

*

ఆదివారం ఆరాధన ముగిసి జనం చర్చి ముందు నిలబడ్డారు. కొండమీద మంచు కొత్తగా పడింది, గాలి కోస్తోంది, అయినా ఎవరూ బండ్లు ఎక్కడం లేదు. అందరూ వెంట్రిస్ కుటుంబం వైపు వస్తున్నారు. అమ్మ చుట్టూ ఆడవాళ్లు మూగారు. నీలం గుడ్డ దొరికిందట, అంగడివాడు దాచి ఉంచాడట. వెనక మెట్ల మీదుగా ఖైదీ ఆడవాళ్లు బారుగా దిగి, ఎవరినీ చూడకుండా, టిపెట్ వెనకాల నిలబడ్డారు.

రూబెన్ థర్లో జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. లావుపాటి మనిషి, మెత్తటి గొంతు. వెంట తెచ్చుకున్న ముసలి కుక్క మెడ నిమురుతూనే చేయి చాపాడు.

"వెంట్రిస్, జరిగింది జరిగిపోయింది."

నాన్న ఆ చేయి పట్టుకున్నాడు.

మిసెస్ థర్లో లెటిస్ పక్కకు వచ్చి, ఆమె చేతిని తన చేతి కిందికి తీసుకుంది. ఆమె దగ్గర లావెండర్ వాసన వచ్చింది.

"నువ్వేనా ఆ నకలు రాసింది? భయపడకు తల్లీ, అందరికీ తెలుసులే. పొరపాటు చేసినా మేలే చేశావు. మా ఇంట్లో నీకోసం రోజూ ప్రార్థన చేస్తున్నాం."

లెటిస్ మెడ కాలిపోతోంది. తను మాట్లాడకపోతే ఇది ఇక్కడితో అయిపోతుందని ఆమెకు తెలుసు. మురబ్బా సీసాలు వస్తూనే ఉంటాయి, అమ్మ నవ్వుతూనే ఉంటుంది.

"నా పొరపాటు నేను గురువారం చెప్పానండీ" అంది.

"ఏమిటమ్మా?"

"గురువారం చెప్పాను." ఈసారి గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "ఆనర్‌ను బుధవారమే పంపేశారు. మంగళవారం చీటీ రాశారు. నా పొరపాటు అప్పటికి ఎవరికీ తెలియదు."

డాక్టరు తల తిప్పాడు. మేజిస్ట్రేటు తల తిప్పాడు. అక్కడున్నవాళ్లలో సగంమంది కోర్టులో కూర్చునేవాళ్లే. గురువారానికి ముందు బుధవారం వస్తుందని లెక్క వేసుకోవడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టదు. ఒక్కొక్కరే లెటిస్‌ను వదిలి ఆమె తండ్రి వైపు చూశారు. టిపెట్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

లెటిస్ కూడా నాన్న వైపే చూసింది. తేదీ తప్పితే ఒప్పుకోని మనిషి. ఒక్క రోజు తేడాకు సాక్షుల్ని కుర్చీలోంచి లేపేసిన మనిషి. ఆయన పెదవులు కదిలాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన 'అవును' అంటాడని ఆమెకు గట్టిగా అనిపించింది.

"మా అమ్మాయికి రోజులు సరిగా గుర్తుండవు" అన్నాడు జోసయ్య వెంట్రిస్. "ఈ మధ్య ఒంట్లో బాగోలేదు."

"పాపం" అంది మిసెస్ థర్లో.

"చలిగాలి" అన్నాడు డాక్టరు. "రేపు నేను వచ్చి చూస్తాను."

ఏడేళ్లుగా ఆయన చెప్పిన ఏ మాటనూ నమ్మని ఊరు ఈ మాటను వెంటనే నమ్మింది. కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. అమ్మ వచ్చి లెటిస్ శాలువా సర్ది, వేళ్లతో భుజం గట్టిగా నొక్కింది. "నోరు మూసుకో" అంది చెవిలో. ఏడుస్తున్నట్టు అంది.

థర్లో వాళ్లు తమ బండిలో దింపుతామన్నారు. అమ్మ ఎక్కింది. నాన్న ఎక్కాడు. లెటిస్ ఎక్కలేదు. ఆయన బండిలోంచి ఆమె వైపు చూడకుండా, గుర్రాల వైపు చూస్తూ, "నడిచి రానివ్వండి" అన్నాడు.

ఖైదీ ఆడవాళ్ల బారు కొండ దిగుతోంది. లెటిస్ గౌను అంచు ఎత్తిపట్టుకుని, జారుతూ, టిపెట్‌ను అందుకుంది.

"మీకు మాట ఇచ్చాను, నిలబెట్టుకోలేదు" అంది. "మీ పేరు మాత్రం చెప్పలేదు."

"చెప్పలేదు, చెప్పలేదు" అన్నాడు టిపెట్, చుట్టూ చూసి. "కానీ చిన్నమ్మగారూ, మీరు ఇలా నాతో నడవడం మంచిది కాదు. నాకూ మంచిది కాదు."

"ఆమె ఉన్న పొలం పేరు చెప్పండి. వెళ్లిపోతాను."

"బ్లాక్ మార్ష్. ఎందుకు?"

"ఉత్తరం రాస్తాను. ఏం జరిగిందో ఆమెకు తెలియాలి. పిలుస్తారని ఎదురుచూస్తూ ఉంటుంది."

టిపెట్ బారు తప్పినవాళ్లను చేత్తో లోపలికి జరిపాడు. ముందు నడుస్తున్న ఆడవాళ్లలో ఒకామె వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తల దించుకుంది.

"ఉత్తరం చేరుతుంది" అన్నాడు చివరికి. "నెలకోసారి టపా బండి పోతుంది అటు. కానీ ఆమెకు చదవడం రాదు కదమ్మా."

"అక్కడ ఎవరైనా చదివి వినిపించలేరా?"

"ఒకడికి వచ్చు చదవడం. పొలం దొరకి" అన్నాడు టిపెట్. "థర్లోగారి తమ్ముడు."